పసుపు చుక్కలు

ఈ వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఆరేసిన తెల్ల పంచె మీద ఆవగింజంత పసుపు చుక్కలు. పైన ఎవరైనా రంగులు వేయిస్తున్నారా అని కింద ప్రశ్న. కాసేపటికి కారు అద్దాలు, స్కూటర్ సీట్లు, వడియాల మీద కప్పిన గుడ్డ, అన్నీ ఫొటోలై వచ్చాయి. సాయంత్రానికి సంగతి తేలింది. ఐదో అంతస్తు సజ్జ కింద పెద్ద తేనెటీగలు పట్టు పెట్టాయి. మందు కొట్టేవాళ్ల నంబరు కోసం వెతుకులాట మొదలైంది. అప్పుడు రిటైరైన లెక్చరర్ గారొకరు ఒక్క ముక్క రాశారు: "కానుగ పూత అయ్యేదాకా ఆగుదామండీ. వాటంతటవే వెళ్లిపోతాయి." అందరూ సరేనన్నారు. ఈ మధ్య కాలంలో నన్ను ఇంత సంతోషపెట్టిన తీర్మానం లేదు.

 ఇక ఆ చుక్కల దగ్గరికి వస్తాను.

అవి తేనెటీగల రెట్టలు. ఈ జాతి ఈగలు ఉన్నట్టుండి వేలకొద్దీ ఒక్కసారే లేచి, చుట్టూ తిరిగి, కడుపు ఖాళీ చేసుకుని, కొద్ది నిమిషాల్లోనే వచ్చి మళ్లీ పట్టుకు వేలాడతాయి. ఆ రెట్టలో ఉండేది ఎక్కువగా అరగకుండా మిగిలిన పుప్పొడి పొట్టు. ఎండలు ముదిరినప్పుడు ఇలా కడుపు తేలిక చేసుకోవడం ఒంట్లో వేడి దించుకునే ఉపాయం కావచ్చునని 1989లో మర్దాన్, కెవాన్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు.

ఈ చుక్కలే ఒకప్పుడు రెండు అగ్రరాజ్యాల మధ్య తగవుకు కారణమయ్యాయి. 1981 సెప్టెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్ పశ్చిమ బెర్లిన్‌లో ప్రసంగిస్తూ, ఆగ్నేయాసియాలో సోవియట్ యూనియన్, దాని మిత్రదేశాలు విషాయుధాలు వాడుతున్నాయని ఆరోపించాడు. లావోస్ కొండల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన హ్మాంగ్ శరణార్థులు పసుపు వాన పడిందని చెప్పారు. ఎండిన చుక్కలున్న ఆకులు సాక్ష్యంగా ప్రయోగశాలలకు వెళ్లాయి. బూజు నుంచి తీసిన విషమన్నారు. తీరా సూక్ష్మదర్శిని కింద పెడితే చుక్క నిండా పుప్పొడి! అప్పట్లో హార్వర్డ్‌లో పనిచేస్తున్న మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల మీదే జీవితం గడిపిన థామస్ సీలీ 1984లో థాయిలాండ్ వెళ్లి పెద్ద తేనెటీగల పట్లున్న చెట్లను వెతికారు. ఆ వాన వాళ్ల మీదే కురిసింది. హ్మాంగ్ ప్రజలు పడ్డ యాతన మాత్రం కల్పన కాదు. యుద్ధంలో వాళ్ల ఊళ్లు నాశనమయ్యాయి. ఆ వాన విషమేనని వాళ్లలో చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. భయంతో బతుకుతున్న మనిషికి పై నుంచి ఏది పడ్డా విషంలాగే కనబడుతుందని నేను అర్థం చేసుకోగలను.

మా భయం అంత పెద్దది కాదు. బాల్కనీలోంచి బైనాక్యులర్స్ పెట్టి చూశాను. పట్టు కనబడదు, దాన్ని కప్పుకున్న ఈగల తెర కనబడుతుంది. తలలు పైకి, తోకలు కిందికి, ఒకదాని మీద ఒకటి. ఒక పెద్ద కందిరీగ అటు వచ్చింది. దానికి దగ్గరున్న ఈగలు టక్కున తోకలు పైకెత్తాయి. వెంటనే పక్కవి, వాటి పక్కవి. నల్లటి అల ఒకటి తెర ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. అది ఆగేలోపే ఇంకొకటి. కందిరీగ వెనక్కి తిరిగింది. ఒక్క ఈగా కుట్టలేదు. కుట్టకుండా పని జరిగితే అవి కుట్టవు.

చిన్న ఈగలతో పేచీయే లేదు. ఉగాదికి వేపపువ్వు కోసం కొమ్మ వంచే ముందు ఆకుల చాటున ఒకసారి చూసుకోండి, అరచేయంత పట్టు ఉండొచ్చు. కొమ్మ ఊగకపోతే దానికి మనతో పనిలేదు. నల్లగా, బొద్దుగా, ఝుమ్మంటూ వచ్చి ఎండిన వెదురుకు రంధ్రం చేసే తుమ్మెదను చూసి పిల్లలు జడుసుకుంటారు. మునగ పూతను కాయ చేసే ముఖ్యమైన పురుగుల్లో అదొకటని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లోనే రాశారు. మునక్కాడల పులుసు తినే ఇంట్లో దాన్ని చీపురుతో కొట్టకూడదు.

ఐదో అంతస్తు పట్టు కాక, మా బి-బ్లాకులో పెద్ద తేనెటీగలదే రెండో పట్టు ఒకటి ఉంది. అది నాలుగో అంతస్తు మెట్ల మలుపులో, కిటికీకి వేలాడుతోంది. చేయి చాపితే అందుతుంది. మెట్ల లైటు రాత్రంతా వెలగాల్సిందే. ఈ ఈగలు వెన్నెల్లో కూడా మేతకు వెళ్లే జాతి. ట్యూబ్‌లైటు చూసి వచ్చి, దానికి కొట్టుకుని కింద పడతాయి, తెల్లారి చెప్పులు లేని కాలు వాటి మీద పడుతుంది. పైగా ఆ అంతస్తులో ఉండే ఒకావిడకు ఇదివరకు ఒక్క ఈగ కుడితేనే గొంతు వాచి, ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి పట్లు తీయించొద్దని రాస్తూ వచ్చిన నేను ఈ పట్టు తీయించాల్సిందేనంటున్నాను. ఐదో అంతస్తు ఈగలకూ మాకూ మధ్య మనిషి వెళ్లని జాగా ఉంది. ఇక్కడ అది లేదు.

మందు మాత్రం కొట్టించకూడదు. మందు పడ్డ పట్టును పిట్టలు తింటాయి, తేనె పిండుకుని ఇంటికి తీసుకుపోయే మనుషులూ ఉంటారు. తేనె తీయడం తెలిసిన మనిషిని పిలిపించి, చీకటి పడ్డాక, లైట్లు ఆర్పి, తలుపులన్నీ మూయించి, పొగతో లేపాలి. పెద్ద ఈగలు లేచిపోతాయి. పట్టు గదుల్లోని పిల్ల పురుగులు దక్కవు. ఆ నష్టాన్ని తక్కువ చేసి చెప్పను. ఆ తర్వాత గోడకు అంటిన మైనాన్ని గీకించి, కిటికీకి వల కొట్టించాలి. వలస పోయిన గుంపులు పాత చోటుకే తిరిగొస్తాయని 2000లో రెండు పరిశోధక బృందాలు జన్యు పరీక్షలతో తేల్చాయి. వచ్చే ఏడు అవి వచ్చేసరికి అక్కడ వల ఉంటే ఎవరినీ లేపాల్సిన పని ఉండదు. వల ఖర్చు అసోసియేషన్ భరిస్తానంది. ఎవరైనా కుట్టించుకుంటే ముల్లును గోటితో అక్కడికక్కడే గీకేయాలని, ముల్లు ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుందని, ముఖం వాచినా ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలని రాసి లిఫ్టులో అంటించాను.