దిగుట యను విద్య

కొండ యెక్కినవానిని లోకము కొనియాడును. దిగినవానిని పలుకరించువాడు లేడు. ఇంటికి వచ్చిన చుట్టములు సయితము "ఎన్ని మెట్లెక్కినారు, ఎంతసేపు పట్టినది" అనియే విచారింతురు గాని, "దిగునప్పుడు మోకాళ్ళెట్లున్నవి" అని యడిగిన పుణ్యాత్ముని నేనింతవరకు నెరుగను. తీరిక చిక్కినప్పుడెల్లను అడవిదారులను బట్టి నడచుచు, పాడువడిన గుళ్ళను, కూలిన కోటగోడలను, ఏటిరేవులను చూచుచు తిరుగుట ముప్పది యేండ్లుగా నాకలవాటు. ఇన్నేండ్ల నడకలో విద్య యనదగినది ఏదేని కొంచెము నాకు పట్టుబడినదన్నచో, అది దిగుటయందే పట్టుబడినది. దానిని నేర్పిన బడి నల్లమలలో, భీమునికొలను దగ్గర నున్నది.

శ్రీశైలమునకు నేడు దోర్నాలనుండి యొక తారురోడ్డు, మన్ననూరు మీదుగా మరియొకటి పోవుచున్నవి; బస్సులో కూర్చున్నవాడు ఒక కునుకు తీసి లేచుసరికి శిఖరము కానవచ్చును. మోటారు బండి యెరుగని కాలమున ఈ క్షేత్రమునకు తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము ద్వారములై యుండగా, వాని నడుమ మూలలందు ఏలేశ్వరము, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరము ఉపద్వారములై యుండెడివి. ఎటనుండి వచ్చినవారైనను కొన్ని దినములు అడవిలో నడువక మల్లన్నను చూడలేకపోయిరి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఈ పర్వతమునకొక ప్రకరణమునే కేటాయించుటకు కారణము ఈ నడకయే యని నా యూహ. బస్సు దిగినవానికి ఒక ప్రకరణమునకు సరిపడు సంగతులు ఎక్కడివి?

ఆ పాతదారులలో నేటికిని మనుష్యుల పాదములు మరువనిది ఆత్మకూరు వైపు దారి. వెంకటాపురమువద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము అను మజిలీలను దాటి క్షేత్రమును చేరుటకు ఇంచుమించు 40 కిలోమీటర్లు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ దారినే శ్రీశైలమునకు వచ్చిరి; ఆయన యాత్ర చాలవరకు పాలకీలో, బోయీల భుజములమీద సాగినది. తన కాళ్ళమీద దిగినవాడు దారిని చూచిన తీరు వేరు, మోయబడినవాడు చూచిన తీరు వేరు. మోసినవాడు చూచిన తీరును వ్రాసిపెట్టినవారు లేరు. ఇది పెద్దపులులు తిరుగు అభయారణ్యము. అందుచే శివరాత్రికిని ఉగాదికిని మాత్రమే అటవీశాఖవారు ఈ దారిని యాత్రికులకు విడుతురు. ఉగాదినాళ్ళలో కన్నడసీమనుండి వందల కిలోమీటర్లు నడచి వచ్చెడి జనులు, భ్రమరాంబికను తమ యింటి యాడపడుచుగా నెంచి చీరసారెలు మోసికొని, బొబ్బలెక్కిన పాదములకు గుడ్డపీలికలు చుట్టుకొని పోవుచుందురు.

నేను మొదట ఈ దారిని నడచినది ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఒక శివరాత్రికి ముందు. నాగలూటిలో వీరభద్రుని గుడి చెట్ల నడుమ నిలిచియున్నది. రాతిసందులలో వేళ్ళు దూరి దూలములను మెల్లమెల్లగా ఎడముచేయుచుండగా, గుప్తనిధులకై ఎవరో త్రవ్విన గుంటలు నేలపై నోళ్ళు తెరచికొని యుండెను. చెట్టువేరు నూరేండ్లు శ్రమించి చేయలేని కీడును గడ్డపార ఒక్క రాత్రిలో చేయగలదని అక్కడ తెలిసికొంటిని. పెద్దచెరువు తామరాకులతో నిండి, ఒడ్డున చెంచుల గూడెము, దాని వెనుక నల్లమద్దులు. మాఘమాసము చివర కావున ఆకులు రాలి అడవి పలుచబడి, మోదుగులు మాత్రము ఎర్రగా పూచి యుండెను. ఈ శోభయంతయు చూచుచు నడచినవాడనని చెప్పుకొనుటకు వీలులేదు. తోడివారికంటె ముందుగా పోవలెనన్న తొందరలో చాలవరకు నా ముందున్న వాని మడమలనే చూచుచు పోయితిని.

మఠంబావి దాటిన పిమ్మట నేల యొక్కసారిగా నోరు తెరచినట్లు లోయ కానవచ్చును. దాని యడుగున భీమునికొలను. ఎదుట మరల కొండ, ఆ కొండమీద కైలాసద్వారము. గమ్యము పైన నుండగా దారి మనలను క్రిందికి దింపును; ఇంతసేపు చెమటోడ్చి సంపాదించిన యెత్తునంతయు అక్కడ తిరిగి యిచ్చివేయవలెను. ఎక్కుట కష్టమనియు, దిగుట విశ్రాంతి యనియు నమ్మిన వయస్సు గనుక, భుజమున సంచి గెంతులు వేయుచుండగా నేను ఆ రాతిమెట్లమీద పరుగు పెట్టితిని. మెట్ల నడుమ మట్టినేలపై గులకరాళ్ళు, వానిమీద ఎండిన టేకాకులు. టేకాకు పడి రెండు వారములైన తరువాత అప్పడమువలె బిరుసెక్కి, క్రింద గుండ్రని రాయి దొరికెనేని చక్రముమీది పలకవలె జారును. ఎడమకాలు ముందుకు పోయినది. కుడిమోకాలు మడతపడి రాతిమీద పడినది. ఆ లోయను దిగుటకు నాకు పట్టినది పావుగంట. ఆ మోకాలు నన్ను మన్నించుటకు పట్టినది మూడు నెలలు.

మరల పోవుటకు ఏడేండ్లు గడచినవి. ఈసారి తోడుగా వచ్చినవాడు పెద్దచెరువు గూడెపు చెంచు వృద్ధుడు. మల్లన్న తమ పిల్లను పెండ్లాడిన యల్లుడని చెప్పుకొను జాతివాడగుటచే, ఆ కొండను గూర్చి అతడు మాటలాడునప్పుడు భక్తితోపాటు మామగారి చనువు కూడ వినబడుచుండెను. లోయ యంచున నేనాగగా అతడు నా జోళ్ళవైపు చూచెను.

"సామీ, తాడు ఇప్పి మళ్ళీ కట్టుకో. ఎక్కేటప్పుడు కట్టిన ముడి దిగేటప్పుడు పనికిరాదు."

"ఎందుకు, పెద్దయ్యా?"

"కాలు ముందుకు జారతాది. రేపటికి బొటనేలి గోరు నల్లబడతాది. బిగించు."

తరువాత చేతికఱ్ఱను నా చేతికిచ్చి, తాను ముందు దిగుచు చూపెను. పాదమును నిలువుగా గాక కొంచెమడ్డముగా పెట్టుట. అడుగు చిన్నది చేయుట. మోకాలిని ఎన్నడును బిగియ నీయక సగము వంచి యుంచుట. కఱ్ఱను తనకంటె ముందు క్రిందిమెట్టునకు పంపి, అది నిలిచినదని తెలిసిన పిమ్మట బరువును దానివెంట పంపుట. మెట్టు నడుమ అరగి గిన్నెవలె గుంటపడిన చోట నతడు కాలు పెట్టడు. అంచున గరుకు మిగిలిన చోటనే పెట్టును. వేల పాదములు నడచిన నునుపునకంటె ఎవరును నడువని గరుకే నమ్మదగినదని అతడు నోట చెప్పలేదు, కాలితో చెప్పెను. నేను తొందరపడిన ప్రతిసారియు వెనుదిరుగకయే, "యాడికి పోతాది సామీ కొండ?" అని మాత్రము అనుచుండెను.

పిమ్మట తెలిసికొనగా ఇందలి కారణము దేహశాస్త్రమందును కానవచ్చినది. ఎక్కునప్పుడు తొడకండరము ముడుచుకొని బరువును ఎత్తును. దిగునప్పుడు అదే కండరము సాగుచు బరువును ఆపవలెను. సాగుచు ఆపుట ముడుచుకొని ఎత్తుటకంటె కండరపు పోగులను ఎక్కువ నొప్పించును. అందుచేతనే దిగిననాడు హాయిగా నిద్రించినవాడు మరునాడో, ఆ మరునాడో కుర్చీలోనుండి లేవలేక గోడ పట్టుకొనును. ఎక్కుటలో ఆయాసము వెంటనే హెచ్చరించును. దిగుటలో హెచ్చరిక ఆలస్యముగా వచ్చును. అందుచే ఎక్కువాడు తన తప్పును దారిలోనే దిద్దుకొనును, దిగువాడు ఇంటికి పోయి తెలిసికొనును. ధనము, పదవి, వయస్సు మొదలగు ఇతరములైన దిగుదలలకును ఇది వర్తించునో లేదో చదువరులే యోచింతురుగాక.

ఈ దృష్టితో చూచిననాటినుండి శ్రీశైలచరిత్ర కూడ నాకు వేరుగా తోచుచున్నది. రాజులు గోపురములెత్తించిరి, ప్రాకారములు కట్టించిరి. అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి మాత్రము పాతాళగంగకు మెట్లు కట్టించెను. 14వ శతాబ్దమున యుద్ధముల నడుమ రాజ్యమును నిలుపుకొనుచున్న ప్రభువు, యాత్రికుడు కృష్ణకు దిగుటకు పడు పాటును తలచి రాయి పరపించుట నాకు గోపురముకంటె పెద్దదిగా కానవచ్చును. అతని కుమారుడు అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపము ఆత్మార్పణమునకు, తల లర్పించిన వీరులకు సంబంధించినది. దానిని చూచి ఆశ్చర్యపడుదును. తండ్రి మెట్లమీద నా మోకాళ్ళు బ్రతుకుచున్నవి; వానిపై కృతజ్ఞత.

కాలము కొన్ని ద్వారములనే క్రిందికి దింపినది. ఏలేశ్వరము నాగార్జునసాగరపు నీట మునిగినది. సంగమేశ్వరము శ్రీశైలము జలాశయములో మునిగి, నీరు తీసిన వేసవిలో మాత్రము బయటపడును. అప్పుడు భక్తులు బురద ఆరీయారని గట్టుమీదుగా దిగిపోయి, వేపదారువుతో చేసిన లింగమునకు నమస్కరించి, నీరు మరల పెరుగులోగా పైకి వత్తురు. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే తెరచియుండు ఆ గుడికి పోవువారెవరును వేగముగా దిగగా నేను చూడలేదు. బురద వారికి చెంచు పెద్దయ్యయే.

క్రిందటి ఉగాదికి మరల పోయితిని. భీమునికొలనును కఱ్ఱతో దిగి, కైలాసద్వారమునకెక్కి, హటకేశ్వరము మీదుగా క్షేత్రమును చేరి, మరునాటి యుదయమున పాతాళగంగ మెట్లవద్ద నిలిచితిని. ప్రక్కన తీగమార్గపు పెట్టెలు నీటివైపు జారిపోవుచుండెను. నా ముందు కన్నడదేశపు ముసలమ్మ యొకతె, పాదములకు గుడ్డలు చుట్టుకొని, మనుమని భుజముమీద చేయివేసి, ప్రతిమెట్టుమీదను ప్రక్కకు తిరిగి పాదమును అడ్డముగా పెట్టుచు దిగుచుండెను. మనుమడు పదేండ్లవాడు, ముందుకు పరుగెత్తవలెనని వాని కాళ్ళు లాగుచున్నవి, భుజము మాత్రము కదలక నిలిచియున్నది. నేను జోళ్ళ ముడి విప్పి, బిగించి కట్టుకొని, ఆమె వెనుకనే, ఆమె విడిచిన మెట్టుమీదనే అడుగు వేయుచు నీటిదాక దిగితిని.