తటాకము, కృతి, శ్రమ: సప్తసంతాన భావనకొక పునఃపరిశీలనము

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును, కృతిని ఒక్క వరుసన నిలిపిరి. పుత్రుడు, నిధి, దేవాలయము, అగ్రహారము, వనము అను తక్కిన యైదింటివలెనే యీ రెండును కర్తకు శాశ్వతకీర్తి నొసగునని వారి విశ్వాసము. నేటి విద్యావ్యవస్థలో నీ తోబుట్టువులు వేఱుపడినవి. తటాకము ఇంజనీరు పాలయినది. కృతి తెలుగు పండితుని పాలయినది. చెఱువులు పూడిపోవుట, భూగర్భజలము క్రుంగుట, నీటి పంపకమున బలహీనుడు నష్టపోవుట మన శాఖకు సంబంధింపని విషయములని పలువురి తలంపు. ఆ తలంపు సరికాదని చూపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఈ వేర్పాటునకు మన విమర్శ కూడ కొంత కారణము. మహాకావ్యమునకు విధింపబడిన అష్టాదశవర్ణనలలో జలక్రీడ యొకటి. ప్రబంధములలోని జలక్రీడావర్ణనములందలి అలంకారములను మనము లెక్కించితిమి, ఔచిత్యమును చర్చించితిమి. ఆ కొలను త్రవ్విన దెవరు, ఆ నీరు పాఱిన పొల మెవరిది అను ప్రశ్న మాత్రము మన పరిశోధనములందు అరుదు. కవి చెప్పినదానినే కాక చెప్పక విడిచినదానిని గూడ చదువుట విమర్శకుని ధర్మము.

కడప మండలములోని పోరుమామిళ్ల శాసనము నుదాహరణముగా గైకొందము. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు 1369లో నిర్మించిన తటాకమును గూర్చిన సంస్కృత శాసన మిది. మంచి తటాకమునకు వలసిన పండ్రెండంగములను, వర్జింపదగిన ఆఱు దోషములను ఇందు పేర్కొనిరి. కట్టనుండి నీరూరుట, చవుటినేల, నడుమ మెట్ట యుండుట దోషములు. నీరు కొంచెమై నేల విస్తారమగుటయు, నేల కొంచెమై నీ రధికమగుటయు దోషములే. వీనితోపాటు రెండు రాజ్యముల సరిహద్దున తటాకము నిర్మించుటయు దోషముగా నెన్నబడినది. ఈ తుది దోషము మిక్కిలి గమనింపదగినది. నేల, నీరు, కట్ట సరిగానున్నను మానవసంబంధములు చెడినచో చెఱువు చెడునని ఆ శాసనకర్త లెఱుగుదురు.

ఇట్టి యెఱుకగల శాసనమునందే మఱియొక విషయము కలదు. దినమునకు వేయిమంది కూలీలు, రాతి పనికి నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము అని లెక్క చెప్పబడినది. కట్టించినవాని వంశము స్తుతింపబడినది. కట్టినవారు సంఖ్యగా నిలిచిరి. సప్తసంతానముల ఫలము ధనము వెచ్చించినవానికే గాని చెమటోడ్చినవానికి గాదను భావమునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమక్కఱలేదు.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసములోని రాజనీతి ఇంకొక మెట్టెక్కినది. నేల కొంచెమైనను కుంటలు, కాలువలు కల్పించి, పేదకు పన్నునందును కోరునందును సడలింపు చూపి వృద్ధిపఱచినచో అర్థధర్మములు రెండును పెరుగునని కృష్ణరాయల యుపదేశము. జలవసతిని, పేదవాని బ్రదుకును ఒక్క పద్యమున ముడివేసిన దూరదృష్టి కొనియాడదగినది. కాని యిందు పేదవాడు రాజు దయకు పాత్రుడే గాని నీటిపై హక్కుగలవాడు కాడు. అర్థము పెరుగుటయు ప్రయోజనములలో నొకటియని కవియే చెప్పినాడు. ఈ పరిమితిని గుర్తించుటవలన ఆ పద్యము గౌరవము తగ్గదు.

హక్కు మాట వచ్చినపుడు శాసనముచెప్పిన యాఱు దోషములకు ఏడవదానిని చేర్పవలసియుండును. నిండిన చెఱువునైనను కొందఱు ముట్టరాదనుటయే యా దోషము. 1927లో మహాడునందు అంబేద్కరు తన యనుచరులతో చవదార్ చెఱువునకు నడచి నీరు త్రాగినది దీనిని తొలగించుటకే. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 15వ అధికరణమున బావులను, చెఱువులను, స్నానఘట్టములను ప్రత్యేకముగా పేర్కొనుటకును కారణమిదే. తెలుగు కవిత్వమున 1941 నాటి జాషువ ‘గబ్బిలము’ ఈ దిశలో మేలిమలుపు. ఎవని శ్రమలేనిదే పైరు పండదో, వానికే తిండి కఱవైన వైపరీత్యమును ఆ కావ్యము చాటినది. శాసనములో సంఖ్యగా మిగిలినవాడు ఇచ్చట నాయకుడై మాటాడినాడు.

పద్యము చెఱువును నింపునా యని కొందఱడుగవచ్చును. నింపదు. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ వంటి పథకమునకు యంత్రములు, ధనము, ఇంజనీర్లు అవశ్యము. తీసిన పూడిక యెంతయో కొలత చెప్పును. ఆయకట్టు చివరి మడికి నీరేల చేరదో, నీరు మళ్లించు నీరుగంటి చేతిలోని జ్ఞానమేల లెక్కకు రాలేదో, పూర్వపు కట్టుబాట్లలో నిలుపదగిన దేదో, విడువదగిన దేదో కొలత చెప్పజాలదు. శాసనములను, కావ్యములను, పల్లెవాసుల నోటిమాటను సరిపోల్చి చదువు శిక్షణము గలవారే దానిని చెప్పవలెను.

కావున మన పరిశోధక విద్యార్థులు తటాకశాసనములను వంశావళులకొఱకే కాక నీటి పంపకపు టేర్పాట్లకొఱకును చదువవలెను. తూము, అలుగు, ఆయకట్టు మొదలగు మాటలను ఆ పనివారినుండియే సేకరింపవలెను. చెప్పినవారి పేరును, వారి యనుమతితో, గ్రంథమున వ్రాయవలెను. వేయిమందిని సంఖ్యగా విడిచిన లోపమును మన కృతులైనను మరల చేయరాదు.