ఆగస్టు పేజీ

నివాళి రాసేవాడికి తేదీలు కావాలి. అందుకే పన్నెండు నెలలకు పన్నెండు పేజీలు చేసి, ఏ నెలలో ఎవరు పోయారో ఏళ్లతో సంబంధం లేకుండా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మనుషులు, వాళ్లతో పాటు ఈ పాలమూరు తమవాళ్లనుకున్న మనుషులు అందులో ఉంటారు. ఆ పేజీల్లో ఆగస్టుది చాలా బరువైన పేజీ. 1953 ఆగస్టు 25న సురవరం ప్రతాపరెడ్డి. 2023 ఆగస్టు 6న ప్రజా గాయకుడు గద్దర్. ఆ మర్నాడే ఆయన అంతిమయాత్రలో, జనం తోపులాట మధ్య కుప్పకూలి కన్నుమూసిన సియాసత్ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్. 2025 ఆగస్టు 22న సురవరం సుధాకర్ రెడ్డి.

సుధాకర్ రెడ్డి పోయిన మర్నాడు పేపర్లన్నీ తిరగేశాను. నల్లగొండ నుంచి 1998లో, 2004లో ఎంపీ. 2012 నుంచి 2019 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శి. ఇవన్నీ రాయాల్సినవే. నా మనసు మాత్రం ఒక చిన్న సంగతి దగ్గర ఆగిపోయింది. కర్నూలులో చదువుకుంటున్నప్పుడు, పదిహేనేళ్ల వయసులో, బడికి నల్లబల్లలు, సుద్దముక్కలు, పుస్తకాలు కావాలని ఆయన ఉద్యమం చేశారు. ఆయనలాంటి అలంపూర్ వైపు పిల్లలకు తుంగభద్ర దాటితే కర్నూలే. ఒక్క సుద్దముక్క కోసం నిలబడ్డ ఆ కుర్రాడు కనిపిస్తే, తర్వాతి అరవై ఏళ్ల రాజకీయం ఎటు నడిచిందో పాఠకుడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చివరికి ఆయన దేహాన్ని కూడా గాంధీ మెడికల్ కాలేజీ విద్యార్థుల చదువుకే ఇచ్చారు.

నివాళిలో పదవి రాయడం తేలిక, పని రాయడం కష్టం. పదవులు ఫ్లెక్సీ మీద దొరుకుతాయి. పని తెలియాలంటే ఇంట్లోవాళ్లను అడగాలి, అదీ దినాల హడావుడి తగ్గాక, ఓపిగ్గా. గద్వాలలో ఒక నేత పెద్దాయన పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఏ సంఘంలో ఏం చేశారో బంధువులు వరుసగా చెప్పారు. ఏం నేసేవారని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఆయన భార్య లోపలికి వెళ్లి ఒక చీర తెచ్చి, నూలు ఒళ్లు పట్టు అంచును కలిసే చోట వేలు పెట్టింది. “ఇది కుప్పడం బిడ్డా. మూడు నాడెలు నడవాలె, ఇద్దరు కూసోవాలె. కలిసిన కాడ అతుకు కానరావొద్దు. ఆ పక్కన కూసున్నది నేనే” అంది. ఇంటికొచ్చి రాసుకున్న వ్యాసమంతా మార్చాను. ఆయన నేసిన చీరల్లో ఆమె చేతులూ ఉన్నాయని రాయకపోతే అది ఆయన నివాళి కూడా కాదు.

ఈ పని ఎలా చేయాలో నాకు నేర్పింది ప్రతాపరెడ్డి గారే అనుకుంటాను. నిజాం రాజ్యంలో ఉర్దూదే పెత్తనంగా ఉన్న కాలంలో, 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టి, రాతకోతలన్నీ నెత్తిన వేసుకుని నడిపిన మనిషి ఆయన. తెలంగాణలో తెలుగు కవులు లేరనే మాట అప్పట్లో వచ్చింది. దానికి ఆయన సంపాదకీయంతో సరిపెట్టలేదు. ఊళ్ల నుంచి కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆ పుస్తకం తీసినప్పుడల్లా నాకు పద్యాల కంటే పేర్లూ ఊళ్లూ ఎక్కువ కనిపిస్తాయి. ఆ కవుల్లో ఎంతోమంది గురించి ఇంకెక్కడా ఒక్క ముక్క దొరకదు. ఆయన అడగడం పదేళ్లు ఆలస్యమై ఉంటే ఎన్ని పేర్లు మిగిలేవి? 354 మందికి నివాళి రాయడానికి కావలసిన సరుకును, వాళ్లలో చాలామంది బతికి ఉండగానే సేకరించిపెట్టారాయన. తనకు దక్కాల్సిన గుర్తింపు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచి, మరుసటేడే కన్నుమూశారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో వచ్చింది.

ఆయన తోవలోనే నడిచినవారు కపిలవాయి లింగమూర్తి. 2018 నవంబరు 6న పోయారు కాబట్టి నా నోట్‌బుక్‌లో ఆయనది వేరే పేజీ. నాగర్‌కర్నూల్‌లో ఉంటూ జిల్లా గుళ్ల చరిత్రలు, స్థలాల కథలు, తాళపత్రాల్లో మగ్గుతున్న కావ్యాలు వెతికి అచ్చుకెక్కించారు. ఈ మూడు జిల్లాల్లో ఏ ఊరి గురించి రాయాలన్నా నేను ముందు తెరిచేది ఆయన పుస్తకాలనే.

అమరచింత బిడ్డ, గాయకుడు సాయిచంద్ విషయంలో, బతికుండగానే అడిగి రాసుకునే ఆ జాగ్రత్త ఎవరం పడలేదు. 2023 జూన్ 29న, నలభై నిండకుండానే పోయాడు. ఆయన పాటల వీడియోలు వేలకు వేలున్నాయి. గొంతు ఎవరి దగ్గర సానబట్టుకున్నాడో, ఏ పాట ఏ రాత్రి ఎలా కుదిరిందో తన నోటితో చెప్పిన మాటలు మాత్రం ఎంత వెతికినా నాకు చాలినన్ని దొరకలేదు. అంత చిన్నవాణ్ని అలా కూర్చోబెట్టి అడగాలని ఎవరికి తోస్తుంది? నలభై రోజులు తిరక్కముందే గద్దర్ కూడా వెళ్లిపోయారు.

అందుకే ఈ నెల నివాళి పక్కనపెట్టి లింగాల మండలం వైపు వెళ్తున్నాను. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిన సంగతి అందరికీ తెలుసు. నేను అడగాల్సినవి వేరే ఉన్నాయి. సొరబుర్రను ఎన్నాళ్లు ఎండబెడతారు, మెట్లు నిలవడానికి మైనం ఎక్కడి నుంచి తెస్తారు, తీగ తెగితే కథ ఆపుతారా, ఆ పక్క ఊళ్లలో కిన్నెర పట్టిన ముసలివాళ్లు ఇంకా ఎవరున్నారు, వాళ్ల పేర్లేమిటి.