తలుపు మీద రాసిన మాట

ఈ వేసవిలో మా అక్క కూతురు ఇంటర్ పరీక్షలు రాసి సెలవులకి మా ఇంటికొచ్చింది. దానికి దెయ్యాల సినిమాలంటే ప్రాణం. పది రోజుల్లో నన్నూ అమ్మనీ పట్టుబట్టి కూర్చోబెట్టి అయిదు సినిమాలు చూపించింది. నేను అంతకుముందు చూసినవి కూడా వాటిలో ఉన్నాయి. అమ్మ మాత్రం గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూనో, వత్తులు చేసుకుంటూనో సగం చూసేది, సగం వినేది. ఆ అయిదు సినిమాల గురించి నాలుగు మాటలు రాద్దామని మొదలుపెట్టాను. రాయడం మాత్రం వేరే చోటికి వెళ్ళి తేలింది.

మొదటి రోజు 'స్త్రీ' (2018). అమర్ కౌశిక్ తీసిన హిందీ సినిమా. కథ రాసిన రాజ్, డీకే ఇద్దరూ తెలుగువాళ్ళే. మధ్యప్రదేశ్‌లోని చందేరి ఊళ్ళో ఏటా పూజ జరిగే నాలుగు రాత్రులు ఒక ఆడదెయ్యం తిరుగుతుంది. మగవాళ్ళని పిలిచి ఎత్తుకుపోతుంది, వాళ్ళ బట్టలు మాత్రం మిగులుతాయి. అందుకని ఇళ్ళ గోడల మీద 'ఓ స్త్రీ, రేపు రా' అని రాసుకుంటారు. అది చూసి మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "నవ్వకే, ఈ మాట నేనూ రాశాను" అన్నాను.

నిజంగానే రాశాను. 1990ల్లో నేను మూడో తరగతో నాలుగో తరగతో చదువుతున్నప్పుడు నందిగామ వైపు మా ఊళ్ళోకి ఈ పుకారు వచ్చింది. అలా చాలా ఊళ్ళు తిరిగిందని తర్వాత తెలిసింది. దెయ్యం అర్ధరాత్రి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. పలికి తలుపు తీస్తే ఇక అంతేనట. రేపు రమ్మని రాసిపెడితే చదువుకుని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చినా మళ్ళీ అదే చదువుతుందట. మా వీధిలో పెద్దవాళ్ళు చాలామందికి రాయడం రాదు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నన్ను పిలిచారు. సుద్దముక్క పట్టుకుని ఎనిమిది ఇళ్ళ తలుపుల మీద రాశాను. ఒకావిడ చేతిలో బెల్లంముక్క పెట్టింది. నా రాతకి దొరికిన మొదటి పారితోషికం అదేనని చాలా ఏళ్ళు నవ్వుతూ చెప్పుకున్నాను. ఇకమీదట అలా చెప్పుకోలేను. ఎందుకో చివర చెప్తాను.

'స్త్రీ' తెలివైన సినిమా. రాత్రిపూట ఒంటరిగా బయటకు వెళ్ళొద్దని మగవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం, భర్త భయపడుతూ భార్య కోసం ఎదురుచూడడం నవ్విస్తూనే చురుక్కుమనిపిస్తాయి. ఈ దెయ్యానికి చదువొచ్చు, రాసినదానికి కట్టుబడుతుంది. మగవాడు పిలిస్తే తిరిగి చూశాకే తీసుకుపోతుంది. ఆడవాళ్ళ విషయంలో ఆమాత్రం మర్యాద కూడా పాటించని మగవాళ్ళమీద అది మంచి చెణుకు. ఆమె ఒకప్పుడు వేశ్య. ప్రేమించినవాణ్ణి పెళ్ళిచేసుకున్న రాత్రి ఊరి మగవాళ్ళు ఇద్దర్నీ చంపేశారు. ఆ సంగతి తెలుసుకున్నాక ఊరివాళ్ళు ఆమెకు విగ్రహం పెడతారు. గోడమీద మాటని 'ఓ స్త్రీ, మమ్మల్ని కాపాడు' అని మారుస్తారు.

ఆ విగ్రహం దగ్గర నేను ఆగిపోయాను. నా పిహెచ్‌డి పేరంటాళ్ళ కథల మీద. అత్తింట్లో బాధలుపడో, భర్తతోపాటు అగ్నిలో ప్రవేశించో చనిపోయి దేవతలైన మామూలు ఇంటి ఆడవాళ్ళ కథలవి. మా ఊరికి దగ్గర్లోనే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి ఉంది. చిన్నప్పుడు తిరునాళ్ళకి బండ్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. అత్తింటి ఆరళ్ళు పడిన కోడలి కథ వింటూ ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు. ఆ కథలు సేకరిస్తూ తిరిగిన నాలుగేళ్ళూ నాకొక ప్రశ్న ఉండేది. బతికున్నప్పుడు ఈ అమ్మ మాట విన్నవాళ్ళు ఎంతమంది? చందేరి విగ్రహం చూస్తే మళ్ళీ అదే గుర్తొచ్చింది. చచ్చిపోయినావిడకి గౌరవం దొరికింది. సినిమాలో బతికున్న ఆడవాళ్ళ మాటేమిటి? శ్రద్ధా కపూర్ వేసిన పాత్రకి ఒక పేరు కూడా పెట్టలేదు.

తర్వాత 'మణిచిత్రతాళు' (1993). ఫాజిల్ తీసిన ఈ మలయాళ సినిమా 2024లో మళ్ళీ థియేటర్లకి వచ్చింది. మనకి దీని వారసురాలు 'చంద్రముఖి' (2005) బాగా తెలుసు. భర్తతో పాత బంగళాకి వచ్చిన గంగ, మూసి ఉన్న గది తెరిచి, ఎప్పుడో చంపబడిన నర్తకి నాగవల్లి తనే అనుకోవడం మొదలుపెడుతుంది. ఇది దెయ్యం కాదు, మనసుకి వచ్చిన జబ్బు అంటాడు డాక్టరు. శోభనకి జాతీయ అవార్డు తెచ్చిన పాత్ర ఇది.

అందరూ చివరి నాట్యం గురించి చెప్తారు. నాకు మాత్రం మంచం దృశ్యమే భయం వేస్తుంది. పెళ్ళికి నగలు కొనడానికి బజారుకి వెళ్దామని గంగ ముస్తాబవుతుంది. డాక్టరు ముందే చెప్పిపెట్టిన ప్రకారం భర్త వెళ్ళొద్దంటాడు. మొదట బతిమాలుతుంది. తర్వాత గొంతు మారుతుంది, కళ్ళు మారతాయి, ఒంటిచేత్తో మంచం ఎత్తేస్తుంది. సినిమా లెక్కలో అది జబ్బుకి రుజువు. కానీ 'వెళ్ళొద్దు' అన్న ఒక్క మాటకి లోపల మంచాలు ఎత్తేసి, పైకి 'సరేలెండి' అన్న ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. మామూలు గంగకి ఈ సినిమాలో కోపం రాదు. కోపం రావాలంటే నాగవల్లి కావాలి.

ఇంకో సంగతి గమనించాను. మలయాళంలో ఈ నర్తకి తంజావూరు నుంచి వచ్చింది, తమిళం మాట్లాడుతుంది. అదే కథ తమిళంలోకి వెళ్ళేసరికి ఆమె తెలుగావిడ, తెలుగులో మాట్లాడుతుంది. హిందీ 'భూల్ భులయ్యా' (2007)లో బెంగాలీ మాట్లాడుతుంది. ఎవరి సినిమాలో చూసినా కోపంగా ఉన్న ఆడది పక్కవాళ్ళ మనిషే! మన ఇంటి ఆడదానికి మన భాషలో అంత కోపం ఉంటుందని ఒప్పుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదన్నమాట. చివరికి భర్త స్థానంలో బొమ్మని పెట్టి ఆమెచేత నరికించి, పగ తీరిందని నమ్మించి గంగని భర్తకి అప్పగిస్తారు. భూతవైద్యుడికీ, మానసిక వైద్యుడికీ పద్ధతుల్లో తేడా ఉందిగాని కోరుకున్న ఫలితం ఒకటే. కాపురం నిలబడాలి.

'అరుంధతి' (2009) ఈ వరసని తిరగేసింది. అందుకే నాకు ఆ సినిమా మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఒక గౌరవం ఉంది. కోడి రామకృష్ణ తీసిన ఈ సినిమాలో దెయ్యం మగవాడు. బతికున్నప్పుడు ఎలాంటివాడో చచ్చాకా అలాంటివాడే. ఆడవాళ్ళని చెరిచే పశుపతిని 'ఇంటి అల్లుడు' అని పెద్దవాళ్ళు భరిస్తుంటే, చిన్నపిల్ల జేజమ్మ భరించనంటుంది. థియేటర్లో ఆ ఘట్టానికి ఆడవాళ్ళు ఈలలు వెయ్యడం నేను స్వయంగా విన్నాను. అయితే జేజమ్మ గద్వాల సంస్థానం బిడ్డ. ఆమె చెయ్యెత్తితే జనం కదులుతారు. పశుపతి చేతిలో నాశనమైన మామూలు ఆడవాళ్ళకి ఆ చెయ్యి లేదు. అంత అధికారం ఉన్న జేజమ్మ కూడా వాణ్ణి పూర్తిగా అంతం చెయ్యాలంటే తను చచ్చిపోవాలి, తన ఎముకలతో ఆయుధం తయారుకావాలి. దధీచి కథని ఆడదానికి తిప్పి రాశారని మెచ్చుకోవచ్చు. కాని ఆడదాని బలం పనికిరావడానికి ఇక్కడా చావు తప్పలేదు.

నాలుగో సినిమా 'బుల్‌బుల్' (2020). అన్వితా దత్ దర్శకత్వం వహించిన మొదటి సినిమా. 1881లో బెంగాల్‌లో ఒక జమీందారీ ఇంట్లోకి చిన్నపిల్ల కోడలిగా వస్తుంది. మెట్టెలు ఎందుకు పెడతారని పెళ్ళిరోజు అడుగుతుంది. కాలివేలి దగ్గర నరం ఉంటుంది, అది నొక్కిపెట్టకపోతే ఆడపిల్లలు ఎగిరిపోతారని పెద్దావిడ చెప్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో ఒక దెయ్యం తిరుగుతూ ఉంటుంది, కాళ్ళు వెనక్కి తిరిగిన దెయ్యం. ఆ రెంటికీ మధ్య ఒక రాత్రి ఉంది. అనుమానంతో భర్త ఇనుపకడ్డీతో ఆమె పాదాలు విరగ్గొడతాడు. దెయ్యాలకి కాళ్ళు వెనక్కి ఉంటాయని మనమూ చిన్నప్పట్నుంచీ వింటున్నాం. వాటిని ఎవరు తిప్పారని అడగాలని నాకు తోచలేదు. ఈ సినిమా ఆ ప్రశ్న అడిగింది. దానికి నేను రుణపడి ఉన్నాను.

సినిమాలో నాకు నచ్చనిది కూడా ఉంది. ఆ హింసని ఎర్రటి వెలుగులో, నెమ్మదిగా కదిలే బొమ్మల్లో చాలా అందంగా తీశారు. ఆడదాని నొప్పికి అంత అలంకారం అవసరమా అనిపించింది. పాదాలు విరిగి, మంచానపడి, మరిది చేతిలో అత్యాచారానికి గురైన బుల్‌బుల్‌ని తోడికోడలు బినోదిని శుభ్రం చేస్తూ నోరు మూసుకోమని నచ్చజెప్పే దృశ్యం మాత్రం మర్చిపోలేం. పెద్దిళ్ళల్లో ఇలాంటివి ఉంటాయి, నగలూ పట్టుబట్టలూ ఉంటాయి కదా, ఊరుకో అంటుంది. ఆ గొంతులో క్రూరత్వం లేదు. ఆవిడకీ ఎవరో ఒకప్పుడు అలాగే చెప్పి ఉంటారు.

ఆ దృశ్యం నడుస్తుండగా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సినిమా అయ్యాక కూడా రాలేదు. నేను వెళ్ళేసరికి గ్యాస్ గట్టు ముందు ఊరికే నిలబడి ఉంది.

"ఆ తలుపు మీద రాసిన రోజుల్లో మిషనక్క వచ్చిందే ఒక రాత్రి" అంది.

మిషనక్క అంటే మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. భర్త కొడతాడని అందరికీ తెలుసు. ఆ రాత్రి బయటికి తోసి గడియ వేసుకున్నాడట. ఆవిడ వచ్చి మా తలుపు కొట్టింది. "వదినా, వదినా" అని పిలిచింది.

"గొంతు గుర్తుపట్టాను. తీద్దామనే లేచాను. తెలిసిన గొంతుతోనే వస్తుందన్నారు కదా అని మీ నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. మీ నాన్న కదల్లేదు. నువ్వు పక్కలో ఉన్నావు."

"అది మిషనక్కే అని నీకు తెలుసుగా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "తెలుసు" అంది.

ఆవిడ ఇంకో రెండు మూడు ఇళ్ళు తట్టిందట. తెల్లవార్లూ రామాలయం అరుగుమీద కూర్చుందట. పొద్దున్నే ఆవిడ ఇంటికి ఆవిడే వెళ్ళిపోయింది. వారం తర్వాత జాకెట్టు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఎడమచెయ్యి ఇంకా వాచి ఉంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అమ్మ పది రూపాయలు ఎక్కువిచ్చింది. ఆవిడ తీసుకుంది.

ఆ రాత్రి నేను నిద్రపోతున్నాను. తలుపు మీద అక్షరాలు మాత్రం నావే. మిషనక్కకి చదువొచ్చు, కొలతల పుస్తకం తనే రాసుకునేది. వెన్నెల ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే చదివే ఉంటుంది.

అప్పటికి 498ఎ సెక్షన్ వచ్చి పదేళ్ళు దాటింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది. చట్టాలు రావడానికి ఎంతో పోరాటం జరిగింది, వాటి విలువ నాకు తెలుసు. కాని అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు దగ్గరగా ఉండేది పక్కిల్లే. దెయ్యం కథ ఆ పక్కింటివాళ్ళకి ఒక వీలు కల్పించింది. ఆడమనిషి గొంతుని గుర్తుపట్టి కూడా దెయ్యమని అనుకోవచ్చు. భయం నిజమే. ఆ భయం ఎవరికి ఉపయోగపడిందన్నది కూడా నిజమే.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మన దెయ్యం సినిమాలు ఇదివరకటికంటే మెరుగుపడ్డాయి. దెయ్యానికీ ఒక గతం ఉందని, అందులో అన్యాయం జరిగిందని చెప్తున్నాయి. మనం ఆ ఫ్లాష్‌బ్యాక్ చూసి కన్నీళ్ళు పెట్టుకుంటున్నాం. అదే కథ బతికున్న మనిషి చెప్తే 'సంసారం గుట్టు' అని చెవులు మూసుకుంటాం. చచ్చి, తెల్లచీర కట్టుకుని, కాళ్ళు వెనక్కి తిప్పుకుని వస్తేగాని వినం. ఒక దెయ్యం సినిమా గురించి నేను ఇకమీద అడగబోయే ప్రశ్న ఆమె ఎందుకు దెయ్యమైంది అని కాదు. ఆమె బతికుండగా ఎవరి తలుపు తట్టింది? లోపల ఎవరు మేలుకుని ఉన్నారు?

ఆఖరి రోజు 'మసూద' (2022) చూశాం. సాయికిరణ్ తీసిన తెలుగు సినిమా. సంగీత వేసిన నీలం స్కూల్ టీచరు. హింసపెట్టే భర్తని వదిలేసి కూతుర్ని పెంచుకుంటూ ఉంటుంది. ఆ కూతురికి దెయ్యం పడుతుంది. లోపాలున్నాయి. చివరికొచ్చేసరికి పరుగులన్నీ పక్కింటి కుర్రాడు గోపీకి ఇచ్చి, తల్లిని ఇంట్లో ఉంచేశారు. బాబాల చుట్టూ తిరగడం ఎక్కువైంది. అయినా ఆ తల్లి భర్త దగ్గరికి తిరిగి వెళ్ళడమే పరిష్కారమని సినిమా ఎక్కడా అనదు. దెయ్యం రాకముందే ఆ ఇంట్లో హింస ఉందని కూడా దాచదు.

రాత్రిపూట ఆపదలో నీలం వెళ్ళేది పక్కింటికే. ఆ గోపీ ఒట్టి పిరికివాడు, చెమటలు పడతాయి, గొంతు పెగలదు. అయినా వస్తాడు.

అమ్మ గోరుచిక్కుళ్ళు పక్కన పెట్టింది. "భయపడుతూనే వచ్చాడు చూడు" అంది.

మా అమ్మాయి నన్ను అడిగింది, "పిన్నీ, మరి ఆ తలుపు మీద రాసింది తర్వాత ఎవరు చెరిపారు?"

నాకు గుర్తులేదు. అమ్మే చెప్పింది, ఎవరూ చెరపలేదనీ, ఆ ఏడు వానలకి పోయిందనీ.