ఎవరి కళ్లతో చూస్తున్నాం?

ఆదిలాబాద్ గోండు గూడేల్లో హైమన్‌డార్ఫ్ పేరు తెలియని పెద్దలు తక్కువ. మార్లవాయిలో ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి దగ్గర మనవాళ్లు ఏటా చేరి దండం పెడతారు. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ గౌరవించడం వేరు, పుస్తకాన్ని ప్రశ్నిస్తూ చదవడం వేరు. ఈ రెండో పని మనం ఇంకా సరిగా మొదలుపెట్టలేదు.

ముందు పేర్లే చూద్దాం. 1943లో చెంచుల మీద రాసిన పుస్తకానికి ఆయన పెట్టిన ఉపశీర్షికకు అర్థం 'దక్కన్ అడవి మనుషులు'. 1948లో మన మీద రాసిన దానికి 'దక్కన్ రైతు సంస్కృతి'. చెంచుల దగ్గర ఆయన కంటికి ముందు ఆనింది అడవి, మన దగ్గర నాగలి. రెండూ అబద్ధాలు కావు. కానీ పుస్తకం తెరవకముందే ఎలా చూడాలో పేరే మనకు చెప్పేస్తోంది.

ఆయన ఎవరి తరఫున వచ్చారో కూడా మరవకూడదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక, ఆదివాసుల్లో అసంతృప్తి ఎందుకుందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయన్ని పంపింది. భీము అడిగింది హక్కు. సర్కారు వెతికింది అశాంతికి కారణం. ఒకే కష్టం, రెండు చూపులు. అయితే ఆయన గోండి నేర్చుకున్నారు, మన మధ్యే ఉన్నారు, పట్టాలు ఇవ్వాలన్నారు, మార్లవాయిలో బడి పెట్టించారు. అడ్డున్న తెర పలచబడింది గాని పూర్తిగా తొలగలేదు.

1982 నాటి పుస్తకం పేరులో 'బతుకు పోరాటం' అన్న మాట వచ్చింది. అప్పటికి మన భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోతున్నాయి. కాలం మారింది, ఆయన చూపూ మారింది. ఏది ఎంత మారిందో విడదీసి చూడటమే విమర్శ.

ఇప్పుడు మన సంగతి. డైట్‌లో చదివి వచ్చిన మేమూ కళ్లద్దాలు పెట్టుకునే వచ్చాం. తెలుగులో అడిగితే నోరు విప్పని పిల్లవాణ్ణి 'మందమతి' అనుకున్నాం. ఇప్పపూల కాలంలో బడికి రాకపోతే 'గైర్హాజరు' అని రాశాం. అదే పిల్లవాణ్ణి గోండిలో ఎడ్ల గురించి, జొన్నచేను గురించి అడిగినప్పుడు ఆపకుండా చెప్పాడు. ఆ రోజు తప్పిన పరీక్ష వాడిది కాదు, మాది. బయటి పండితుణ్ణి తప్పుపట్టడం సులువు. మనవాడినే మనం బయటివాడి కళ్లతో చూశామని ఒప్పుకోవడం కష్టం.

కళ్లద్దాలు లేని చూపు ఎవరికీ ఉండదు. ఏ అద్దాలు పెట్టుకున్నామో తెలిసి ఉండాలి, అంతే. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన గురించి ఎవరు రాసినా, చివరికి మేము రాసినా, మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు పంపితే వచ్చారు? ఏ భాషలో అడిగారు? ఎవరిని అడగకుండా వదిలేశారు? తర్వాత ఆ పుస్తకం పట్టుకుని గూడేనికి పోయి అవ్వకు చదివి వినిపించండి. ఆమె 'కాదు బిడ్డా' అన్న చోట గీత గీయండి. మనం రాయాల్సింది అక్కడి నుంచే.