‘నాకేం కాలేదు’ అంటే సరిపోదు

టెక్సస్‌లో నేను వెళ్లే ట్రాప్ షూటింగ్ క్లబ్బులో కాల్చిన షాట్‌గన్ షెల్స్‌ను చాలామంది పారేయరు. ఏరి ఇంటికి పట్టుకెళ్లి, గరాజ్‌లో కూర్చుని మళ్లీ నింపుకుంటారు. నేనూ అంతే. పౌడర్‌ను అంటించే ప్రైమర్ పాతది తీసి కొత్తది ఎక్కించి, పౌడర్ పోసి, రవ్వలను పట్టి ఉంచే ప్లాస్టిక్ వాడ్ దించి, దానిమీద సీసపు రవ్వలు నింపి, మూతి మడిస్తే షెల్ సిద్ధం. మెక్ కంపెనీ ప్రెస్ ఉంటే ఇదంతా పిడి లాగినంత తేలిక. అసలు పని దానికి ముందుంది: ఏ పౌడర్, ఎంత, వేటితో కలిపి?

ఈ ప్రశ్నకు క్లబ్బులో జవాబులకు కరువు లేదు. తలపండిన షూటర్లు అడక్కముందే తమ లెక్క చెప్పేస్తారు. చివర్లో ఒక హామీ కూడా: ‘ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నా, నాకేం కాలేదు.’ పెద్దల మాట చద్దిమూట అని విని పెరిగినవాణ్ని. అయినా ఈ ఒక్క విషయంలో ఆ మూట విప్పను.

ఎందుకంటే, ఏమీ కాకపోవడం కొలత కాదు. 1926లో ఏర్పడిన సామీ అనే అమెరికన్ తుపాకీ పరిశ్రమ సంస్థ తూటాలకు ప్రెషర్ హద్దులు నిర్ణయిస్తుంది. మామూలు రెండుముప్పావు అంగుళాల 12 గేజ్ షెల్‌కు ఆ హద్దు 11,500 పీఎస్‌ఐ. .308 రైఫిల్ తూటాకైతే 62,000. షాట్‌గన్ గొట్టం పలచన, తట్టుకునేదీ తక్కువే. పైగా రైఫిల్‌లో ప్రెషర్ పెరుగుతుంటే ఇత్తడి కేసు మీద, ప్రైమర్ మీద కొన్ని గుర్తులైనా కనిపిస్తాయి. ప్లాస్టిక్ షెల్ చూసి అలా పోల్చుకోవడం కుదరదు. హద్దు దాటిన షెల్ కూడా మామూలుగానే పేలి, మామూలుగానే బయటికి రావచ్చు. అందుకే రైఫిల్ వాళ్లలా తక్కువతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయే పద్ధతి ఇక్కడ లేదు. ల్యాబ్‌లో ప్రెషర్ కొలిచే గొట్టంలో కాల్చి చూసిన లెక్కనే ఉన్నదున్నట్టు పాటించాలి. హాజ్‌డన్, అలయంట్ లాంటి పౌడర్ కంపెనీలు, లైమన్ హ్యాండ్‌బుక్ ఇచ్చేవి అలాంటి లెక్కలే.

ఆ లెక్కలో పౌడర్ బరువు ఒక్కటే చూసి మిగతాది వదిలేస్తే లాభం లేదు. షెల్, ప్రైమర్, పౌడర్, వాడ్, రవ్వల బరువు అన్నీ కలిపి పరీక్షించినవి. పైకి ఒకేలా కనిపించే రెండు షెల్స్‌లో లోపలి గోడ ఒకదానిలో అడుక్కి పోయేకొద్దీ ఇరుకవుతుంది, ఇంకోదానిలో నిటారుగా ఉంటుంది. పౌడర్‌కు దొరికే చోటు మారితే ప్రెషరూ మారుతుంది. ప్రైమర్లు దాదాపు అన్నీ 209 సైజువే గానీ మంట అన్నిటిదీ ఒకటి కాదు. 2020 తర్వాత ప్రైమర్లు దొరకని రోజుల్లో ‘ఏదైతేనేం, అన్నీ 209లే కదా’ అన్న మాట తరచూ వినపడేది. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట అదే. సీసం లెక్కలో స్టీల్ రవ్వలు పోయడం కూడా అలాంటిదే. స్టీల్ గట్టిది, తేలికైనది. దానికి వాడ్ వేరు, పౌడర్ లెక్కా వేరు.

పాత పుస్తకాలతోనూ జాగ్రత్త. వాటిలో కొన్ని ప్రెషర్‌ను ఎల్‌యూపీ అనే పాత యూనిట్లలో ఇచ్చేవి. ఆ అంకెను పీఎస్‌ఐ అనుకుని చదవకూడదు. అప్పటి షెల్స్, వాడ్‌లలో కొన్ని ఇప్పుడు తయారు కావడం లేదు, కొన్ని అదే పేరుతో ఉన్నా నిర్మాణం మారింది. అందుకే కంపెనీ తాజాగా ఇచ్చిన డేటానే నమ్ముతాను.

సరైన లెక్క దొరికాక కూడా త్రాసు తప్పదు. ప్రెస్‌లో పౌడర్‌ను కొలిచేది బుషింగ్. అది కొలిచేది ఎంత చోటు పట్టిందన్నదే, బరువు కాదు. ఏ బుషింగ్‌కు ఎన్ని గ్రెయిన్లు పడతాయో చార్టులో ఉంటుంది. కానీ పిడి లాగే తీరును బట్టి, బల్ల అదురును బట్టి అది అటూ ఇటూ అవుతుంది. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, కంటికి ఆనదు. అందుకే మొదట కొన్నిటిని తూచి చూసుకుంటాను, మధ్యమధ్యలో మళ్లీ తూస్తాను. బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా. మిగిలింది దాని సొంత డబ్బాలోకే తిరిగి వెళ్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చౌకగా దొరికినవన్నీ కొనేసి, వాటికి సరిపడే లెక్క కోసం వెతుకుతారు. దొరకనప్పుడే ‘దగ్గర్లో ఉన్నదాంతో’ సరిపెట్టుకోవాలన్న బుద్ధి పుడుతుంది. నేను చెప్పేది దీనికి తలకిందులు. ముందు డేటాలోంచి ఒక వరుస ఎంచుకోండి, కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం పట్టుకునే షాపుకు వెళ్లండి. అందులో ఒక్క వస్తువు దొరక్కపోయినా ఆ వారానికి కొత్త షెల్స్ పెట్టె కొనుక్కోండి. దానికయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు.