ఒంటి పొర వెలుగు

మెకానిక్కులకు మాలిబ్డినం డైసల్ఫైడ్ కొత్తదేమీ కాదు. నల్లటి మోలీ గ్రీజులో ఉండేది అదే. పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ కాబట్టి జారుతుంది, గూడూరు అభ్రకంలా రేకులు రేకులుగా ఊడుతుంది. ఈ ఊడే గుణం మీదే భౌతికశాస్త్రంలో ఒక చేతిపని నిలబడింది.

స్ఫటికానికి టేపు అంటించి లాగుతారు. ఆ టేపును మడిచి, విప్పి, మళ్లీ మడిచి, పొరలు పలచబడ్డాక సిలికాన్ బిళ్ల మీద నొక్కుతారు. బిళ్లకు 300 నానోమీటర్ల ఆక్సైడ్ పూత ఉంటే మామూలు మైక్రోస్కోపులోనే ఒంటి పొర రంగు తేడాతో కనిపిస్తుంది. దాని మందం 0.65 నానోమీటరు. వెతికేవారికి కన్ను కుదరాలి, ఓపిక ఉండాలి. ఫలితాల గ్రాఫుల్లో ఈ శ్రమ కనిపించదు.

2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కిన్ ఫై మాక్, టోనీ హైన్జ్‌ల బృందం, బర్క్‌లీలో మరో బృందం ఇలాంటి పొరల మీద లేజర్ వేసి చూశాయి. గడ్డగా ఉన్నప్పుడు దాదాపు వెలగని పదార్థం ఒంటి పొరలో ఎర్రగా వెలిగింది. కొలంబియా వారి కొలతల్లో వెలుగు సామర్థ్యం పదివేల రెట్లకు పైగా పెరిగింది!

ఆ వెలుగు ఎక్సైటాన్లది. కాంతి తగిలి ఎలక్ట్రాన్ పై స్థాయికి వెళితే దాని చోట ధనావేశపు ఖాళీ మిగులుతుంది. రెండూ ఆకర్షించుకుని జంట కడతాయి; ఆ జంటే ఎక్సైటాన్. ఈ భావనను భౌతికశాస్త్రవేత్త యాకొవ్ ఫ్రెంకెల్ 1931లోనే ప్రతిపాదించాడు. గాలియం ఆర్సెనైడ్‌లో ఆ బంధం నాలుగైదు మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులే. గది ఉష్ణోగ్రత దగ్గర ఉండే పాతిక మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల ఉష్ణశక్తికి ఆ జంట నిలవదు. అదే మాలిబ్డినం డైసల్ఫైడ్‌కు తోబుట్టువైన టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ ఒంటి పొరలో 2014లో కొలిచిన బంధశక్తి 320 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు.

ఎందుకింత గట్టిది? జంట పొరలోనే ఉంటుంది గానీ, దాన్ని కలిపి ఉంచే విద్యుత్ క్షేత్రం చాలావరకు పొర బయట సాగుతుంది. అక్కడ దాన్ని బలహీనపరిచే పదార్థం లేదు. అయితే ఇదే కారణంగా పొర కింద ఏముంది, పైన ఏం కప్పారు అన్నదాన్ని బట్టి బంధశక్తి మారిపోతుంది. అడుగున ఆక్సైడ్ గరుకుగా, చిల్లర ఆవేశాలతో ఉంటే వర్ణపటంలో ఎక్సైటాన్ గీత అలుక్కుపోతుంది. కాబట్టి పొరను శుభ్రంగా పేర్చడం ప్రయోగానికి ముందు చేసే ఏర్పాటు మాత్రమే కాదు, ప్రయోగంలో సగం అదే.

జపాన్‌లోని త్సుకుబాలో తనిగుచి, వతనబె అనే శాస్త్రవేత్తలు పెంచే నునుపైన, శుభ్రమైన బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలకు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో అంత గిరాకీ అందుకే. వాటి రేకుల మధ్య పొరను ఉంచి బాగా చల్లబరిస్తే, పదుల మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల వెడల్పున్న గీత రెండు మూడుకు సన్నబడుతుంది. అదనపు ఎలక్ట్రాన్ చేరిన ట్రయాన్ గీత కూడా ఎక్సైటాన్ గీత పక్కనే స్పష్టంగా విడిపడుతుంది.